తీతువు గూడు – మన మైత్రికి పరీక్ష



వేసవి దుక్కి దున్నేటప్పుడు ఒక పిట్ట మీ తల చుట్టూ తిరుగుతూ గోలగోలగా అరవడం చూసే ఉంటారు. అది తీతువు. పొడుగాటి పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు. ఇంటి మీద అరిస్తే చావు కబురు వస్తుందని మన పెద్దోళ్లు కూడా అన్నారు. మనమూ రాయి తీసి తరిమాం. నిజానికి దాని అరుపుకీ చావుకీ సంబంధం లేదు. తన గుడ్ల దగ్గరికి మనల్ని రానివ్వకూడదని దాని ఆరాటం.

పుట్టుకతోనే అపశకునం అనే ముద్ర! ఎదురొస్తే అశుభం, నీడ పడితే మైల! ఈ మాటలు మనకు కొత్తవా? ఏ తప్పూ చెయ్యకుండా ఆ ముద్ర మోసినవాళ్లం మనం. దాన్ని ఇంకో ప్రాణి మీద మనమే వెయ్యొచ్చా?

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది గుర్తు చేసుకోండి. సకల ప్రాణుల పట్ల దయ చూపాలని, వాటిని సంరక్షించాలని దాని భావం. అంటే "చంపను" అనడంతో మన పని అయిపోదు. కాపాడాలి కూడా.

"కోడిని తినే మనకు ఈ పాఠం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ దీనికి దారి చూపారు. అవసరం కోసం చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరు అని విడదీశారు. నాగలి కింద నలిగే గుడ్డు ఎవరి ఆకలీ తీర్చదు. అది కేవలం మన పరాకు.

ఇంకొందరు, "చీమలకు చక్కెర చల్లిన చేతులే మన దోసిట్లో నీళ్లు పొయ్యలేదు కదా" అంటారు. అదీ నిజమే. అయితే అక్కడ తప్పు చక్కెరది కాదు, మనిషిని వదిలేసిన మనసుది. మైత్రి మనిషితో మొదలై ప్రాణులన్నిటికీ చేరాలి.

అదే గ్రంథంలో దేవదత్తుడి బాణం తగిలిన పక్షి కథ ఉంది. కొట్టినవాడిదా, కాపాడినవాడిదా అని తగువు వస్తే, కాపాడిన సిద్ధార్థుడిదే అని తీర్పు వచ్చింది. పొలం పట్టా మీ పేరనే ఉండొచ్చు. అందులోని గూడు మీద మీకున్న హక్కు మాత్రం కాపాడే హక్కే.

ఇక ఏం చెయ్యాలో చూద్దాం.

1. తీతువు చెట్టెక్కి గూడు కట్టదు. బోడి నేలలో చిన్న గుంట చేసి, గులకరాళ్ల మధ్య మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవి మట్టి రంగులో కలిసిపోతాయి. ఎక్కువగా మార్చి నుంచి ఆగస్టు లోపు పెడుతుంది. పిట్ట గోల చేస్తే ఆగి, నేల చూసి అడుగెయ్యండి.

2. గూడు కనబడితే చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి గుర్తు పెట్టండి. రెండు మంచాలు పట్టేంత నేల దున్నకుండా వదలండి. ట్రాక్టర్ డ్రైవర్‌కి ముందే చెప్పండి.

3. తల్లీ తండ్రీ కలిసి సుమారు నాలుగు వారాలు పొదుగుతాయి. పిల్లలు పుట్టిన కాసేపటికే నడుస్తాయి. ఆ తర్వాత నేల మళ్లీ మీదే.

4. కుక్కల్ని అటు పోనివ్వకండి. గుడ్లు ముట్టుకోకండి. మాటిమాటికీ చూడటానికి వెళ్లినా పిట్ట లేచిపోయి, గుడ్లు ఎండకు మాడతాయి.

5. ఆ దగ్గర్లో పురుగుమందు కొట్టకండి. తీతువుల తిండి పురుగులే.

చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఇళ్ల మధ్య వాసన, రెట్టలు భరించి ఊరివాళ్లు వాటిని కాపాడుతున్నారు. అవి రావడం ఊరికి శుభమని వాళ్ల నమ్మకం. వాళ్ల ఓర్పు మెచ్చుకోదగ్గదే. మన ధమ్మం ఇంకో అడుగు వెయ్యమంటుంది. శుభమని కొంగను కాపాడటం, అశుభమని తీతువును తరమడం మైత్రి కాదు. మైత్రి శకునం చూడదు.

ఆలోచించండి:

మీ పొలంలో, దొడ్లో ఏ పిట్టలు గూడు పెడుతున్నాయి? వాటిలో దేన్ని మీ ఇంట్లో అపశకునం అంటున్నారు? ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలతో మాట్లాడి, వచ్చే ఆదివారం విహారంలో చెప్పండి.

భవతు సబ్బ మంగళం.