పెంచడమే కాదు, పరీక్షించాలి కూడా

అనాథల విషయంలో దివ్యఖుర్ఆన్ ఆదేశాలు అనగానే వారికి అన్నం పెట్టడం, వారిని కసురుకోకపోవడం, వారి సొమ్ము కాజేయకపోవడం మనకు గుర్తుకొస్తాయి. జుమా ప్రసంగాల్లో వీటి గురించి తరచూ వింటూనే ఉంటాం. అయితే నిసా సూరా 6వ ఆయతులోని మరో ఆదేశం మీద మన దృష్టి అంతగా నిలవలేదు. అనాథలు పెళ్ళీడుకు చేరేవరకు వారిని పరీక్షిస్తూ ఉండాలని, వారిలో వివేకం కానవస్తే వారి ఆస్తిని వారికి అప్పగించాలని అందులో సంరక్షకులకు చెప్పబడింది. అంటే వయసు రావడం ఒక షరతు, వివేకం రావడం మరో షరతు. మొదటిది దానంతటదే వస్తుంది. రెండోది వచ్చిందో లేదో చూడవలసింది, రాకపోతే నేర్పవలసింది సంరక్షకుడే.

ఆ వివేకాన్ని ఆయతులో ‘రుష్ద్’ అన్నారు. చేతిలోని సొమ్మును పాడుచేసుకోకుండా నడుపుకోగల తెలివిడి అని ఎక్కువమంది ధర్మవేత్తలు దీనిని వివరించారు. ఇమామ్ షాఫయీ (రహ్మ) ధార్మిక నడవడిని కూడా ఇందులో చేర్చారు. ‘కానవస్తే’ అనే చోట వచ్చిన అరబీ క్రియను గమనించండి. మూసా (అ) దూరాన మంటను పసిగట్టిన సందర్భంలోనూ (తాహా: 10) అదే క్రియ ఉంది. కనుక ఇది ఒకనాడు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మార్కులు వేసే పని కాదు. పిల్లవాడి వెంట ఉండి కనిపెట్టవలసిన విషయం.

ఎలా కనిపెట్టాలి? హిజ్రీ 676 (క్రీ.శ. 1277)లో మరణించిన ఇమామ్ నవవీ (రహ్మ) ‘మిన్హాజ్’ గ్రంథంలో దీనికి చక్కని పద్ధతి చెప్పారు. వర్తకుని బిడ్డను బేరసారాల్లో, రైతు బిడ్డను సేద్యంలో, కూలీలకు పెట్టే ఖర్చులో, చేతిపని వారి బిడ్డను ఆ పనిలోనే పరీక్షించాలి. ఆడపిల్లనైతే నూలు వడకడంలో, తిండి పదార్థాలు పిల్లి నోట పడకుండా కాపాడటంలో చూడాలన్నారు. పిల్లి మాట చదివితే నవ్వు వస్తుంది గాని, వంటిల్లు నడిపినవారికి అది ఎంత అవసరమైన జాగ్రత్తో తెలుసు! ఈ పరీక్ష యుక్తవయసుకు ముందే జరగాలి. ఒక్కసారితో సరిపెట్టకుండా రెండుసార్లో, అంతకంటే ఎక్కువసార్లో చూడాలి. బేరం పిల్లవాడే చేస్తాడు, ఒప్పందం ఖాయం చేసేటప్పుడు మాత్రం సంరక్షకుడు ముందుకు వస్తాడు. పిల్లవాడు పొరపాటు చేసినా నష్టపోకుండా ఎంత చక్కని ఏర్పాటో చూడండి.

మన ఊళ్ళలోని యతీంఖానాలను ఈ కొలతతో చూద్దాం. వేళకు భోజనం, బట్టలు, ఖుర్ఆన్ పఠనం, బడి చదువు అన్నీ అందుతున్న చోట్ల కూడా పిల్లవాడు ఏళ్ల తరబడి ఒక్క సబ్బుబిళ్ళ కూడా తానుగా కొని ఉండడు. అన్నం ఎలా ఉడుకుతుందో చూసి ఉండడు. ఆస్పత్రిలో చీటీ రాయించుకోవడం తెలియదు. 18 ఏళ్లు నిండగానే పెట్టె చేతికిచ్చి పంపిస్తే వాడు ఎక్కడికి పోవాలి?

‘మా పిల్లలకు ఆస్తి ఎక్కడిది, పరీక్షించడానికి?’ అని నిర్వాహకులు అడగవచ్చు. మొదటి నెల జీతం ఆస్తి కాదా? ఎవరో పొగిడి సంతకం పెట్టించుకునే జామీను కాగితం, సెల్‌ఫోన్‌లో నిమిషాల్లో అప్పిచ్చి ఆ తర్వాత పరువు తీసే యాప్, ఇవన్నీ ఆ జీతం కోసం కాచుకుని ఉన్నాయి.

ఉమర్ బిన్ అబీ సలమా (రజి) తండ్రిని పోగొట్టుకుని దైవప్రవక్త (స) ఇంట పెరిగిన బాలుడు. భోజనం చేసేటప్పుడు ఆయన చేయి పళ్లెమంతా తిరిగేది. అల్లాహ్ పేరు తలచుకుని, కుడిచేత్తో, తన ముందున్నది తినమని ప్రవక్త (స) నేర్పారు. అప్పటినుంచి తాను అలాగే తినేవాణ్ణని ఆయన చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. తప్పు కనబడిన చోటే, ఆ పళ్లెం ముందే, మూడు చిన్న మాటల్లో పాఠం పూర్తయింది. ఆ బాలుడు చిన్నబుచ్చుకోలేదు.

కాబట్టి పన్నెండేళ్ల వాడిని వార్డెన్‌తో పాటు కూరగాయల బజారుకు పంపండి, లెక్క వాడినే రాయనివ్వండి. పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను స్వయంగా నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. ఆ ఖాతాలో నెలకు వంద రూపాయలు వేసి, ఏం చేస్తాడో చూడండి. మొదటి నెల మిఠాయిలకే పోతే కోప్పడవద్దు, మూడో నెల చూడండి. పదహారేళ్లకు వంట, బస్సు ప్రయాణం, ఆధార్ వంటి కాగితాల భద్రత, చదవకుండా సంతకం పెట్టకపోవడం రావాలి. అమ్మాయిలకూ ఇవన్నీ నేర్పాలి, కుట్టుమిషనుతో సరిపెట్టకూడదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ‘వీడికింకా తెలివి రాలేదు’ అనే తీర్పు సంరక్షకునికి లాభసాటి కావచ్చు. అందుకే అదే ఆయతు, పిల్లలు పెద్దవారవుతారేమోనని వారి సొమ్మును తొందరపడి తినవద్దని హెచ్చరిస్తుంది. అప్పగించేటప్పుడు సాక్షుల్ని పెట్టుకోమంటుంది. వివేకం కనబడకపోయినా 25 ఏళ్లకు ఆస్తి అప్పగించవలసిందేనని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. వివేకం కానరానిదే ఎంత వయసైనా అప్పగించరాదని మిగతా ఇమాములు అన్నారు. ఎవరి మాట తీసుకున్నా, నేర్పే బాధ్యత తీరదు.

మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం, సంరక్షణ సంస్థలు అందించే సేవల్లో జీవన నైపుణ్యాల బోధనను కూడా చేర్చింది. 18 ఏళ్లు నిండి సంస్థ విడిచినవారికి 21 ఏళ్ల వరకు ఆసరా ఇచ్చే వీలు కూడా అందులో ఉంది. చట్టప్రకారం నమోదైన యతీంఖానాలు దీనికోసం జిల్లా బాలల సంరక్షణ అధికారులను సంప్రదించాలి. ప్రతి పిల్లవాడికీ ఒక నోటుబుక్కు పెట్టి, ఏం నేర్చాడో, ఏం రావాలో ఆరు నెలలకోసారి వాడి ఎదుటే రాయండి. వాడు చెప్పుకునేదీ అందులో రాయండి. పంపించే రోజున ఖాతా పుస్తకం, కాగితాలు ఇద్దరు సాక్షుల ముందు అప్పగించి, ఆ నోటుబుక్కు కూడా వాడి చేతికే ఇవ్వండి.