పూల సరుకుకు ఎర్రనల్లి బెడద: కోతకు ముందు వేప కషాయమే మేలు

ఇబ్రహీంపట్నం: పండుగల ముందు, పెండ్లి ముహూర్తాల రోజులలో బంతి, చామంతి, గులాబీ ధరలు ఎంత త్వరగా ఎక్కునో వర్తకులకు వేరుగా చెప్పనక్కర లేదు. అయితే ధర ఎక్కిన రోజుననే సరుకులో తరుగు కూడా ఎక్కువగా రావడం పలువురు గమనించియే ఉందురు. ఇందుకు ఒక ముఖ్య కారణం ఎర్రనల్లి. రంగారెడ్డి జిల్లాలోని పూల తోటల నుండి హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు సరుకు తెచ్చుకొనే వ్యాపారులు, కమీషన్ ఏజెంట్లు ఈ పురుగు సంగతి కొంత తెలుసుకొని ఉండుట లాభదాయకం.

నల్లి అంటే ఏమిటి?

ఇది నిజానికి పురుగు కాదు. సాలెపురుగు జాతికి చెందిన ఎనిమిది కాళ్ళ ప్రాణి. కంటికి కనబడీ కనబడనంత చిన్నది. ఆకుల అడుగున చేరి రసం పీల్చును. మొదట ఆకుపైన తెల్లని, పసుపుపచ్చని సన్నని చుక్కలు కనిపించును. తరువాత ఆకు కంచు రంగుకు తిరిగి రాలిపోవును. ఉధృతి హెచ్చితే మొగ్గలను, పూలను కూడా సన్నని గూడు కప్పివేయును. గులాబీలో మొగ్గ చిన్నదై సరిగా విచ్చుకొనదు. బంతి, చామంతులలో రేకులు వన్నె తగ్గి త్వరగా వడలును. మల్లెలో వేరొక జాతి నల్లి వలన ఆకులపైన, మొగ్గలపైన తెల్లని నూగు వంటి పొర ఏర్పడును.

వేడి, పొడి వాతావరణం నల్లికి అనుకూలం. 30 డిగ్రీల వేడిలో గుడ్డు నుండి పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలును. అందువలన మాఘ ఫాల్గుణాల నుండి ఎండాకాలం చివరి వరకు, అంటే పెండ్లిళ్ళ గిరాకీ ఉన్న రోజులలోనే, దీని ఉధృతి మెండు. వానాకాలంలో పెద్ద వానలు దీనిని కడిగివేయును. కాని బతుకమ్మ, దసరాలకు ముందు వానలు వెనుకంజ వేసి ఎండ కాచినట్లయితే మరల విజృంభించును. బాటల పక్కన దుమ్ము పడే తోటలలో ముందుగా కనబడును.

తరుగు లెక్క

ఉదాహరణకు 100 కిలోల బంతి సరుకును కిలో 60 రూపాయల వంతున 6,000 రూపాయలకు కొన్నారనుకొందాం. అందులో 20 కిలోలు వడలి పారవేయవలసి వస్తే మిగిలిన 80 కిలోలకు అసలు పడిన ధర కిలో 75 రూపాయలు. కూలి, కమీషన్, రవాణా ఇందులో చేరలేదు. ఐదు రూపాయలు తగ్గించి కొన్నామని సంతోషించిన వ్యాపారి పదిహేను రూపాయలు పోగొట్టుకొనుట ఇట్లే జరుగును.

రసాయనాలతో చిక్కు

నల్లి కనబడగానే ఘాటైన పురుగుమందు కొట్టుట చాలాచోట్ల వాడుక. సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటి మందులు నల్లిని తినే మేలుచేయు ప్రాణులను ముందుగా చంపివేయును. అందుచేత కొద్ది రోజులలోనే నల్లి రెట్టింపుగా తిరిగి వచ్చును. ఒకప్పుడు నల్లికి పేరుపొందిన డైకోఫాల్ 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందపు జాబితాలో చేరినది. మన దేశంలో 2023లో నిషేధింపబడినది. పాత నిల్వ ఎవరైనా చవకగా ఇవ్వజూపినా రైతు చేత కొనిపించరాదు.

మరొక సంగతి. పూలు కోసేవారు, మాలలు కట్టేవారు, తలలో తురుముకొనేవారు వాటిని వట్టి చేతులతోనే తాకుదురు. గులాబీ రేకులు గుల్కంద్‌లో కూడా చేరును. కోతకు ముందు రాత్రి విషమందు చల్లిన పువ్వు మరునాడే వీరందరి చేతికి పోవును.

సేంద్రియ పద్ధతి

వేపగింజల కషాయం 5 శాతం వాడుట మేలు. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని పలుచని గుడ్డలో మూటగట్టి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానవేసి, ఉదయం బాగా పిండి వడగట్టవలెను. 100 గ్రాముల సబ్బు పొడి కలిపి మొత్తం 100 లీటర్లు చేసి, ఆ రోజే వాడవలెను. లేదా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్ది సబ్బుతో కలిపి చల్లవచ్చును. ఎండ వేప గుణాన్ని త్వరగా చెరచును గనుక సాయంత్రమే పిచికారి చేయవలెను. ఆకుల అడుగుభాగం తడవకపోతే ఖర్చు వృథా. గుడ్లు ఒక విడతకు చావవు గనుక 5-7 రోజులకు రెండవ విడత తప్పదు.

నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల వంతున కూడా పనిచేయును. అయితే 32 డిగ్రీలు దాటిన ఎండలో ఆకు మాడును. నూనె కొట్టిన రెండు వారాల లోపల గంధకం వాడరాదు. రేకులపై తెల్లని మచ్చ పడును గనుక పూలు విచ్చుకొన్న తరువాత గంధకం వద్దు. నూనె కూడా రేకులపై మరకలు వేయును. కావున మొదటి కోతకు ముందే రెండు విడతలు ముగించవలెను. కోతలు మొదలైన తరువాత అవసరమైతే కోత అయిన సాయంత్రం కషాయాన్ని కింది ఆకుల అడుగుకు మాత్రమే చల్లవలెను.

దుకాణంలో ‘బయో’ అని అమ్మే ప్రతి సీసాను నమ్మరాదు. వేప మందు అయితే అజాడిరక్టిన్ 300, 1,500 లేక 10,000 పీపీఎం అని, పురుగుమందుల చట్టం 1968 కింద రిజిస్ట్రేషన్ నంబరు అని చీటీపై ఉండవలెను. బిల్లు తప్పక తీసుకొనవలెను.

వర్తకులు చేయదగినది

పూల రైతుకు ముందుగా అడ్వాన్సు ఇచ్చేది తరచుగా వ్యాపారియే. పండుగకు రెండు రోజుల ముందు ‘మచ్చలేని సరుకు రేపటికే కావలెను’ అని ఒత్తిడి చేస్తే రైతు చేతికి అందేది ఘాటు మందే. అదే మాట మొదటి కోతకు మూడు వారాల ముందు చెప్పి, వేపగింజల ఖర్చు అడ్వాన్సులో కలిపి ఇస్తే సరుకు నిలకడగా వచ్చును. తోటకు పోయినపుడు కింది ఆకు ఒకటి తుంచి, తెల్ల కాగితంపై దులిపి చూడవలెను. కదలాడే ఎర్ర చుక్కలు కనిపిస్తే నల్లి ఉన్నట్లే. మార్కెట్టులో వేలం పాడే ముందు బస్తా అడుగు నుండి పిడికెడు పూలు తీసి తొడిమ దగ్గర గూడు ఉన్నదేమో చూచుట మరువరాదు. నల్లి ఉన్న సరుకును దూరపు ఊళ్ళకు పంపక, ఆ పూటకే స్థానికంగా అమ్ముకొనుట క్షేమం.