పలుచని మిశ్రమం - ఎంతవరకు?

“మైలేజి పెరగాలంటే పెట్రోలు తగ్గించి గాలి ఎక్కువ ఇస్తే సరిపోదా మాస్టారూ?” అని మా ఇంజన్ల లేబరేటరీలో ప్రతి యేడూ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ప్రశ్న మంచిదే. కొంతవరకు సరిపోతుంది. ఆ కొంత ఎంత అన్నదే ఈ వ్యాసం.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి లెక్క ప్రకారం సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గరిష్ఠశక్తి 12.5–13 దగ్గర వస్తుంది. పొదుపు 16–17 దగ్గర. గాలి పెరిగితే పొదుపెందుకంటే, మంట వేడి తగ్గి సిలిండరు గోడలకు పోయే నష్టం తగ్గుతుంది. అదే శక్తికి థ్రాటిల్ ఎక్కువ తెరుస్తాము కనుక గాలి పీల్చే శ్రమా తగ్గుతుంది.

అయితే 25 దాకా ఎందుకు పోరాదు? మామూలు ఇంజను 20 దాటేసరికి తడబడుతుంది. అక్కడ అసలు చిక్కు మిశ్రమం మండుతుందా లేదా అన్నది కాదు, వేళకు మండుతుందా అన్నది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో క్రాంకు 60 డిగ్రీలు తిరగటానికి పట్టేది సెకండులో మూడువందలో వంతు. సుమారు ఆ వ్యవధిలోనే మంట గదంతా పాకాలి. మిశ్రమం పలుచనైనకొద్దీ మంట నెమ్మదిస్తుంది. ఈలోగా పిస్టను దిగిపోతుంది, వాయువు చల్లబడుతుంది, మంట మధ్యలోనే ఆరిపోవచ్చు. పైగా ప్లగ్గు దగ్గర మిశ్రమం ప్రతి సైకిలులోనూ ఒకేలా ఉండదు. ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. బండి కుదుపుతుంది, మండని పెట్రోలు సైలెన్సరు దారిన పోతుంది. పొదుపు కాస్తా దండగవుతుంది.

అగ్గిపుల్లతో దుంగ అంటుకోదు, ముందు చితుకులు కావాలి. హోండావారి సి.వి.సి.సి. ఇంజనులో కిటుకు ఇదే. ప్లగ్గున్న చిన్న గదిలో చిక్కని మిశ్రమం, పెద్ద గదిలో పలుచని మిశ్రమం. చిన్న గదిలో పుట్టిన మంట పెద్ద గదిని అంటిస్తుంది. 1975లో అమెరికాలో అమ్మిన సివిక్ కారు, కేటలిటిక్ కన్వర్టరు లేకుండానే అక్కడి కాలుష్య నిబంధనలకు నిలబడింది.

తరువాత వచ్చిన త్రీవే కన్వర్టరు మరో హద్దు పెట్టింది. పొగలో ఆక్సిజన్ మిగిలితే అది నైట్రోజన్ ఆక్సైడులను విడగొట్టలేదు. అందుకే ఈనాడు చాలా పెట్రోలు కార్లలో సెన్సారు మిశ్రమాన్ని 14.7 దగ్గరే పట్టి ఉంచుతుంది.

కాబట్టి విద్యార్థులారా, హద్దు ఒకటి కాదు, రెండు: మంట గీసినది ఒకటి, మనం పీల్చే గాలి కోసం గీసుకున్నది మరొకటి. పాత బండి కార్బ్యురేటరు స్క్రూ తిప్పించేముందు రెండూ గుర్తుంచుకోండి.