సింగపూరు కొండ – సింగపూరు తోట



సెలవులలో మీలో కొందరు తల్లిదండ్రులతో సింగపూరుకు వెళ్తారు. ఎత్తైన భవనాలను, అంగళ్ళను చూచి తిరిగి వస్తారు. ఈసారి అక్కడి ఒక కొండను, ఒక తోటను కూడ చూడండి.

కొండ పేరు ఫోర్ట్ కానింగ్. పూర్వం మలయ్ ప్రజలు దీనిని ‘బుకిట్ లారంగన్’, అనగా ‘నిషిద్ధమైన కొండ’ అని పిలిచేవారు. ప్రాచీన రాజులు ఇక్కడ నివసించేవారని వారి నమ్మకం. 1928లో ఈ కొండపై 14వ శతాబ్దపు బంగారు ఆభరణాలు దొరికినవి. 1926లో సైనికుల కొరకు కట్టిన పెద్ద భవనం తరువాతి కాలంలో నాటక, నృత్య కళాకారులకు నిలయమైనది. చెట్ల నడుమ ఆగ్నేయాసియా దేశాల శిల్పాలు ఉన్నవి. పచ్చికపై సంగీత కచేరీలు జరుగుతవి.

1822లో స్టాంఫర్డ్ రాఫిల్స్ ఈ కొండపై జాజికాయ, లవంగం మొక్కలు నాటించారు. ఏ పంట ఈ నేలలో పండి లాభమిస్తుందో తెలిసికొనుటకే ఆ తోట. 1829లో అది మూతపడినది. నేడు అక్కడ ఉన్న సుగంధద్రవ్యాల తోట దానికి గుర్తు.

1859లో నగరంలో మరొకచోట నేటి వృక్షోద్యానం ఏర్పడినది. 2015లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. 1877లో ఇంగ్లండులోని క్యూ ఉద్యానం నుండి 22 రబ్బరు మొక్కలు ఇక్కడికి వచ్చినవి. వాటి పుట్టినిల్లు బ్రెజిల్ అడవి. 1888లో ఉద్యానాధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ బెరడును గీసి పాలు తీసే పద్ధతిని రూపొందించారు. రబ్బరు నాటండని అందరినీ ప్రోత్సహించారు. జనులు ఆయనను ‘పిచ్చి రిడ్లీ’ అని పరిహసించారు.

తరువాత మోటారు వాహనాలు పెరిగినవి. చక్రాలకు రబ్బరు కావలసివచ్చినది. మలయాలో అడవులు నరికి తోటలు వేశారు. తోటలకు కూలీలు కావలసివచ్చారు. విశాఖపట్నం వంటి జిల్లాల పల్లెల నుండి మన పూర్వికులు ఓడలెక్కి వచ్చారు. చల్లని వేళలో పాలు బాగా కారుతవి గనుక తెల్లవారకముందే లేచి చెట్టు చెట్టుకూ నడిచారు.

కనుక విద్యార్థులారా, ఉద్యానంలోని చెట్టు అందాన్ని మాత్రమే చూడకండి. రిడ్లీ పేరు పుస్తకాలలో ఉన్నది. పాలు తీసిన మన అవ్వతాతల పేర్లు అందులో లేవు. వాటిని వ్రాయవలసినవారు మీరే.

కొత్త పదాలు
నిషిద్ధము – పోకూడనిది, చేయకూడనిది
బెరడు – చెట్టు పైపొర
పూర్వికులు – మనకు ముందు తరాలవారు

అభ్యాసము
1. రాఫిల్స్ కొండపై తోటను ఎందుకు వేయించారు?
2. రిడ్లీ పద్ధతి వలన చెట్టుకు కలిగిన మేలు ఏమి?
3. మీ తాతగారిని, నాయనమ్మను, అమ్మమ్మను అడిగి, మీ కుటుంబంలో తోటపని చేసినవారి పేర్లు, వారు వచ్చిన ఊరి పేరు తెలుగులో వ్రాసి తీసికొని రండి.