అత్త పాడిన జోల

నాట్ల రోజులు. కోడలు తెల్లవారకముందే మడికి పోయింది. పొద్దుగూకే వేళకు ఇంటికి చేరింది. నడుము విరిగిపోతోంది. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. అంతలోనే పాప ఏడుపు అందుకుంది. పాపకు ఏడో నెల.

కోడలు కాళ్లు కడుక్కుని వచ్చి పాలిచ్చింది. కడుపు నిండినా పాప ఊరుకోలేదు. కోడలు సెల్‌ఫోన్ తీసింది. ఆడే బొమ్మల పాట ఒకటి పెట్టి పాప ముందు ఉంచింది. ఏడుపు ఆగింది. పాప కళ్లార్పకుండా చూస్తోంది.

కాసేపటికి ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. మళ్లీ ఏడుపు. ఈసారి ఇంకా గట్టిగా.

అత్త వచ్చి పాపను భుజాన వేసుకుంది. వీపు మీద మెల్లగా తడుతూ జోలపాట ఎత్తుకుంది. ఒక్కో తట్టుకు ఒక్కో మాట. అత్త గొంతేమీ తీయనిది కాదు. కాస్త బొంగురు గొంతు. మధ్యలో దగ్గు కూడా వచ్చింది. అయినా పాట సగానికి వచ్చేసరికి పాప తల అత్త మెడ మీద వాలిపోయింది.

"నీకు వచ్చు కాబట్టి పాడతావత్తా. నాకు పాటలేం వచ్చు? నా గొంతు కూడా బాగుండదు" అంది కోడలు.

"నాట్లలో పాట ఎత్తుకునేది ఎవరే? నీ గొంతు పక్క మళ్లోకి వినబడుతుంది. ఇంట్లోకి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?" అంది అత్త.

కోడలికి నవ్వొచ్చింది.

చాలామంది తల్లులు ఈ కోడలి లాగే అనుకుంటారు. పాట అంటే రేడియోలో వాళ్లది, సినిమాలో వాళ్లది అనుకుంటారు. పాప అట్లా అనుకోదు. పాపకు లోకంలో ఉన్న గొంతులన్నిటిలో తల్లి గొంతే ముద్దు. దానికి కారణం ఉంది.

కడుపులో ఉండగానే వింటుంది

గర్భిణికి ఆరు నెలలు నిండేసరికి లోపలి బిడ్డకు చెవులు పనిచేస్తాయి. బిడ్డకు తల్లి గుండె చప్పుడు వినిపిస్తుంది. తల్లి మాట వినిపిస్తుంది. నీళ్లలో మునిగి విన్నట్టు మాటలు స్పష్టంగా ఉండవు. కానీ గొంతు ఎత్తడం, దించడం, సాగదీయడం తెలుస్తాయి. అంటే మాటకంటే ముందు బిడ్డకు అందేది రాగమే.

అమెరికాలో ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. 1980లో ఆ సంగతి ప్రకటించారు. పుట్టి మూడు రోజులు కూడా కాని పసిపిల్లల నోట్లో రబ్బరు పీక పెట్టారు. ఒక తీరుగా చీకితే తల్లి గొంతు వినిపిస్తుంది. ఇంకో తీరుగా చీకితే వేరే ఆమె గొంతు వినిపిస్తుంది. పసిపిల్లల్లో ఎక్కువమంది తల్లి గొంతు వినిపించే తీరులోనే చీకారు. మూడు రోజుల బిడ్డ! ఇంకా చూపు కూడా సరిగా ఆనని బిడ్డ!

దరువు సంగతీ అంతే. హంగేరీ అనే దేశంలో రెండు మూడు రోజుల పిల్లలకు నిద్రలో దరువు వినిపించారు. మధ్య మధ్య ముఖ్యమైన ఒక దెబ్బను తప్పించారు. తప్పించిన చోటల్లా పిల్లల మెదడు దాన్ని గుర్తు పట్టింది. ఇది 2009లో బయటికి వచ్చిన సంగతి. మన ముసలమ్మలు ఎప్పుడో కనిపెట్టారు. అందుకే తట్టు తప్పకుండా జోకొడతారు. తట్టడం ఆపితే బిడ్డ కన్ను తెరుస్తుంది. ఇది ప్రతి తల్లికీ తెలిసిన కష్టమే.

పాట బిడ్డను ఊరుకోబెడుతుందని కూడా పరీక్షించారు. కెనడా దేశంలో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు తెలియని భాషలో పాటలు వినిపించారు. మాటలు కూడా వినిపించారు. పాట వింటూ పిల్లలు దాదాపు 9 నిమిషాలు ఏడవకుండా ఉన్నారు. మాటలు వింటూ 4 నిమిషాలే ఉన్నారు.

చెవికి పెద్దక్షరాలు

కోడలు రాత్రిపూట చదువు కేంద్రానికి పోతుంది. మొదటి రోజు పలక మీద టీచరమ్మ ఏం రాసింది? గొలుసు రాత రాయలేదు. పెద్ద పెద్ద అక్షరాలు విడివిడిగా రాసింది. ఒక్కో అక్షరాన్ని సాగదీసి పలికింది. అదే మాటను పదిసార్లు పలికించింది. అట్లా కాకపోతే వచ్చేదా?

తల్లి పాట కూడా బిడ్డ చెవికి పెద్దక్షరాల్లాంటిదే. మామూలు మాటలు గడగడా పోతాయి. ఎక్కడ ఒక మాట అయిపోయిందో, ఎక్కడ ఇంకోటి మొదలైందో బిడ్డకు తెలియదు. పాటలో మాట సాగుతుంది. దరువు దగ్గర తెగుతుంది. అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. రోజూ వస్తుంది. అప్పుడు బిడ్డ ఆ మాటను పట్టుకుంటుంది.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు ఉంటుంది. రెండేళ్లు వచ్చేసరికి ముప్పావు వంతు దగ్గరికి చేరుతుంది. ఎదిగే ఆ రెండేళ్లలో బిడ్డకు పాలు కావాలి, తిండి కావాలి, నిద్ర కావాలి, టీకాలు కావాలి. వాటితోపాటు మాట కావాలి, పాట కావాలి. పాట ఒక్కటే పెట్టి తిండి మానేస్తే కుదరదు.

పాడేటప్పుడు మధ్యలో కాస్త ఆగాలి. మూడు నాలుగు నెలల బిడ్డ కూడా ఆ సందులో ఊ కొడుతుంది. కాళ్లు ఆడిస్తుంది. తల్లి నవ్వి మళ్లీ అందుకుంటుంది. ఒకరు మాట్లాడాలి, ఒకరు వినాలి అనేది బిడ్డ అక్కడే నేర్చుకుంటుంది.

ఏడెనిమిది నెలల బిడ్డకు ఆటపాటలు కావాలి. లాల పోసేటప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతూ పాడవచ్చు. తారంగం ఆడించవచ్చు. చేయి తిప్పడం, వేళ్లు ముడవడం, చప్పట్లు కొట్టడం పాటతోపాటు వస్తాయి. ఏడాదిన్నర పిల్లకు పాట పాడి చివరి మాట దగ్గర ఆగి చూడండి. ఆ మాట తనే అంటుంది. వచ్చీరాని మాటే. కానీ సరైన చోట అంటుంది.

బిడ్డను మెల్లగానే ఊపాలి. గట్టిగా కుదపకూడదు. మెడ నిలవని బిడ్డ తల కింద చెయ్యి ఉండాలి. పెళ్లిళ్లలో డీజే పెట్టెల దగ్గర, జాతరలో డప్పుల దగ్గర పసిపిల్లల్ని ఉంచకూడదు. అంత మోత చెవికి చెరుపు.

పాడాల్సింది తల్లి ఒక్కతే కాదు. తండ్రి పాడవచ్చు. తాత పాడవచ్చు. కోడలి మొగుడు ముందు సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ట్రాక్టరు చప్పుడు చేస్తూ ఏదో ఒకటి పాడతాడు. పాప కిలకిలా నవ్వుతుంది.

ఫోన్ చూసే బాబు

మరి ఫోన్లో పాట పెడితే తప్పేమిటి? పాప ఊరుకుంటుంది కదా?

ఊరుకుంటుంది. కానీ ఫోన్ పాప ముఖం చూడదు. పాప ఊ కొడితే ఆగదు. నిద్ర వస్తే గొంతు తగ్గించదు. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్ గానీ టీవీ గానీ చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పనిలో మునిగిన తల్లి ఎప్పుడో ఒకసారి ఫోన్ ఇస్తే ఆమెను తప్పు పట్టలేం. ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి సాయం ఉంటే ఆమె ఫోనెందుకు ఇస్తుంది?

పాటల పెట్టెలు, పాటల బొమ్మలు అమ్మేవాళ్లు ఇంకో మాట చెబుతారు. ఫలానా సంగీతం వినిపిస్తే బిడ్డ మేధావి అవుతాడంటారు. ఈ మాట 1993లో అమెరికాలో జరిగిన ఒక పరీక్ష నుంచి పుట్టింది. ఆ పరీక్ష కాలేజీ పిల్లల మీద చేశారు. పసిపిల్లల మీద కాదు. దాని ఫలితం కూడా పది పదిహేను నిమిషాలే నిలిచింది. దాని కోసం డబ్బు పోయనక్కర్లేదు.

ఫోన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. అది ఊళ్లోనే బయటపడింది.

టీకాల రోజున అత్తాకోడళ్లు పాపకు బరువు తూయించడానికి అంగన్‌వాడీకి పోయారు. పక్క వీధి తల్లి కూడా వచ్చింది. ఆమె కొడుక్కి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు టీకా వేయించాలి.

"మా వాడు బుద్ధిమంతుడక్కా. ఎంత గోలలోనైనా నిద్రపోతాడు. మొన్న జాతరలో చెవి పక్కనే డప్పులు మోగినా లేవలేదు" అంది ఆ తల్లి.

అందరూ బాబును మెచ్చుకున్నారు. అత్త మాత్రం మెచ్చుకోలేదు. "డప్పులకు లేవలేదా?" అని మళ్లీ అడిగింది. టీచరమ్మ ముఖం చూసింది.

టీచరమ్మ ఇద్దరు పిల్లల్నీ చాప మీద కూర్చోబెట్టింది. ఆడుకోవడానికి గిన్నె మూతలు ఇచ్చింది. వెనక నుంచి, నీడ పడకుండా వచ్చి గిలక ఆడించింది. పాప చటుక్కున తల తిప్పింది. బాబు తిప్పలేదు. అత్త వెనక నిలబడి పాట పాడింది. పాప అత్త కోసం వెతికింది. బాబు మూతతో ఆడుకుంటున్నాడు. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అంతే.

"ఫోన్లో పాట పెడితే చూస్తాడే! కదలకుండా వింటాడు" అంది తల్లి. ఆమె గొంతు వణికింది.

టీచరమ్మ ఫోన్ తీసుకుంది. అదే పాట పెట్టింది. శబ్దం పూర్తిగా తీసేసింది. బాబు ముందు ఉంచింది. బాబు కదలకుండా చూస్తున్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.

"మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుంది. మూడేళ్లు రానీండి" అంది బాబు నాయనమ్మ. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఆమె డాక్టరు కాదు. ఉందని గానీ లేదని గానీ చెప్పలేదు. నర్సమ్మ చేత చీటీ రాయించి పెద్దాసుపత్రికి పంపింది. పిల్లల్లో ఇలాంటి లోపాలను కనిపెట్టి ఉచితంగా చూసే పథకం 2013లో మొదలైంది. దాని పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం.

ఆసుపత్రిలో బాబు నిద్రపోయేదాకా ఆగారు. చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టారు. మిషను మీద చూశారు. నొప్పి లేదు, సూది లేదు. తర్వాత ఇంకో పరీక్ష చేశారు. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని తేలింది. ఇదే పరీక్ష పుట్టిన వారంలోనే చేయవచ్చు. మూడు నెలలలోపు లోపం కనిపెట్టి, ఆరు నెలలలోపు వైద్యం మొదలుపెడితే మాట బాగా వస్తుంది. తొమ్మిదో నెల ఆలస్యమే. కానీ మూడో ఏడు కంటే చాలా నయం.

తల్లి ఇవి గమనించాలి. పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడాలి. మూడు నెలలకు తల్లి గొంతు వింటే ఊరుకోవాలి, నవ్వాలి. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తిరగాలి. ఏడాదికి పేరు పెడితే పలకాలి, ఒకటి రెండు మాటలు రావాలి. ఇవి లేకపోతే చెవి చూపించాలి. చెవి కారుతున్నా చూపించాలి. చెవిలో నూనె పోయకూడదు.

బాబుకు వినికిడి మిషన్లు పెట్టారు. వాటితో చాలకపోతే ఆపరేషన్ ఉందన్నారు. దానికి ప్రభుత్వ పథకాల సాయం ఉంది. వారం వారం శిక్షణకు రమ్మన్నారు. బస్సుకు రాను పోను సగం కూలి పోతోంది. అయినా ఆ తల్లి మానడం లేదు.

మొదట్లో ఆమె పాట మానేసింది. వినపడని బిడ్డకు పాటెందుకు అని ఏడ్చింది. శిక్షణ ఇచ్చే ఆమె కోప్పడింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎదురుగా ముఖం పెట్టి పాడమంది. బాబు చెయ్యి తీసి తల్లి గొంతు మీద పెట్టింది. తల్లి పాడుతుంటే బాబు వేళ్లకు అదురు తెలిసింది. వాడు ఆమె పెదాల వైపు చూశాడు. ఇప్పుడు చెవికి మిషను పెట్టి పాడుతుంటే అప్పుడప్పుడు మూత ఆడించడం ఆపుతున్నాడు.

కాపీ పుస్తకంలో జోల

తాళ్లపాక అన్నమయ్య దేవుణ్ణి పసిబిడ్డగా అనుకుని జోలలు పాడాడు. అది ఐదు వందల ఏళ్ల నాటి మాట. ఆయన పాటలను రాగిరేకుల మీద చెక్కి తిరుమలలో దాచారు. అందుకే మిగిలాయి. అత్త పాడే జోల ఏ రేకు మీదా లేదు. అత్తకు వాళ్లమ్మ నేర్పింది. అత్తకు చదువు రాదు.

ఒక రాత్రి కోడలు కాపీ పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని ఉయ్యాల పక్కన కూర్చుంది.

"అత్తా, నీ జోల చెప్పు. రాసుకుంటా."

అత్త చెప్పబోయింది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. ఊరికే చెప్పమంటే గుర్తు రావడం లేదు. పాపను ఒళ్లోకి తీసుకుని జోకొట్టింది. వెంటనే పాట వచ్చేసింది.

"మెల్లగా అత్తా! ఒత్తు దగ్గర ఆగిపోయా" అంది కోడలు.

"మెల్లగా పాడితే పాప ఊరుకుంటుందా?" అంది అత్త.

కోడలు ఒక చరణం రాసింది. రెండో చరణంలో రెండు మాటలు కొట్టేసి మళ్లీ రాసింది. మూడో చరణం మొదలయ్యేసరికి పాప నిద్రపోయింది. అత్త పాట ఆపేసింది.

"మిగిలింది రేపు రాసుకో. దీపం తగ్గించు" అంది.