ఆసుపత్రిలో ముందెవరికి?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రులకు రోగిని తీసికొనిపోవునపుడు పంచాయతీ సభ్యులును తోడు పోవుట కలదు. ‘మేము ముందు వచ్చితిమి’ అను తగవు అచ్చట తరచు పుట్టును. కాని అత్యవసర విభాగమున వరుస రాకను బట్టి గాక ప్రాణాపాయమును బట్టి యుండును. నెపోలియన్ సైన్యమున శస్త్రవైద్యుడైన లారే ఈ పద్ధతికి ఆద్యుడు. ఆయన హోదాను చూడక గాయమునే చూచెను.

శ్వాస, నాడి, రక్తపుపోటు, స్పృహ పరీక్షించి, తక్షణ చికిత్స కావలసినవారిని ఎరుపు, కొంత ఆగగలవారిని పసుపు, స్వల్ప బాధ గలవారిని ఆకుపచ్చ వర్గములలో చేర్చుట సాధారణ పద్ధతి. కేకలు వేయువానికే ప్రమాద మెక్కువ యనుకొనరాదు. చేయి విరిగినవాడు అరచును. కట్లపాము కరచినవానికి నొప్పి, వాపు అంతగా కనిపింపకపోవచ్చును. కాని కనురెప్పలు వాలి, మాట ముద్దయై, కొన్ని గంటలలో ఊపిరియే నిలిచిపోవచ్చును. రాత్రివేళ నేలపై పండుకొన్నవారికి ఈ కాటు తరచు తగులును.

అచ్చట సభ్యుడు చేయవలసినది సిఫారసు కాదు, సమాచార మిచ్చుట. కాటు ఎప్పుడు పడినది చెప్పవలెను. పురుగుమందు త్రాగినచో ఆ డబ్బాను చూపవలెను. వేచియుండగా రోగికి మగత కమ్మినను, ఊపిరి బరువైనను వెంటనే నర్సుకు తెలుపవలెను. అపుడు వర్గము మారును. మన రాష్ట్రమున 2005 నుండి నడచుచున్న 108 వాహనమును పిలిచినచో ప్రథమ చికిత్స దారిలోనే మొదలగును.