పాత కంప్యూటరునందు ఆండ్రాయిడ్‌ను నెలకొల్పు విధము

యంత్రము పాడగుట యొకటి. ఆ యంత్రమును నడిపించు వ్యవస్థ పాతదగుట వేఱొకటి. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపకపోవుటచే మన యిండ్లలోను, పాఠశాలలలోను పనికివచ్చు కంప్యూటరులు ఎన్నియో మూలబడి దుమ్ముపట్టుచున్నవి. అట్టి యొక కంప్యూటరునందు, ఫోనులను నడిపించు ఆండ్రాయిడ్ వ్యవస్థను మేము నెలకొల్పిన విధమును, ఆ పనిలో మా చేతనే జరిగిన యొక పెద్ద పొరపాటును విద్యార్థులకు తెలుపుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

పనికి కారణము

అమీర్‌పేట కూడలి మా విద్యార్థులందఱకును పరిచితమే. మియాపూరు నుండి ఎల్.బి. నగరునకు పోవు మెట్రో మార్గమును, నాగోలు నుండి రాయదుర్గమునకు పోవు మార్గమును అచ్చటనే కలియును. మెట్లు దిగి మైత్రీవనము వైపు నడచినచో గోడలమీదను, స్తంభములమీదను కంప్యూటరు శిక్షణాలయముల ప్రకటనలే కానవచ్చును. తెలుగు జిల్లాలన్నిటి నుండియు యువకులు అచ్చటికి వచ్చి, వసతిగృహమున ఒక మంచము అద్దెకు దీసికొని, జావా యనియు, పైథాన్ అనియు పేర్లుగల విద్యలను నేర్చుకొనుచుందురు. ఉద్యోగము దొరకినవారు క్రొత్త యంత్రమును కొనుక్కొని, పాతదానిని బంధువుల కిచ్చివేయుట వాడుక.

మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు అచ్చటికి ఒక స్టేషను దూరముననున్న పంజాగుట్టలో, సందులోని చిన్న యింట, తల్లితోను ఇద్దఱు చెల్లెండ్రతోను నివసించుచున్నాడు. తండ్రి కొన్నియేండ్ల క్రిందట మరణించెను. ఇంటనున్న ఫోను ఒక్కటియే. తల్లి పనికి పోవునప్పుడు దానిని వెంట గొనిపోవును. ఆమె రాత్రి తిరిగివచ్చిన పిదప ముగ్గురు బిడ్డలును వంతులవారీగా ఆ చిన్న తెరమీద పాఠములు చూచుకొనవలెను. మూడవ వంతు వచ్చునప్పటికి నిద్ర ముంచుకొనివచ్చును. ఆ యింటి అటకమీద మాత్రము ఒక ల్యాప్‌టాపు పడియుండెను. మేనమామ అమీర్‌పేటలో చదువుకొను దినములలో కొని, పిమ్మట అక్కగారి కిచ్చిన యంత్రమది.

గడచిన సెలవులలో ఆ బాలుడు దానిని సంచిలో బెట్టుకొని మాయొద్దకు తెచ్చెను. అందలి ర్యామ్ 2 గిగాబైట్లు మాత్రమే. విండోస్ 10 తెర కనబడుటకే పావుగంట పట్టుచుండెను. ఆ వ్యవస్థకు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతిదైన విండోస్ 11 నకు కనీసము 4 గిగాబైట్ల ర్యామును, టీపీఎమ్ 2.0 అను భద్రతాభాగమును కావలెను. ఈ యంత్రమున అవి లేవు. “ఫోనులోని వ్యవస్థ దీనిలో నడువదా?” అని ఆ బాలుడు ప్రశ్నించెను. ప్రశ్న చిన్నదే, ప్రత్యుత్తరము మాత్రము కొంత చదువవలసినంతటిది.

ఇది యెట్లు సాధ్యము?

ప్రతి ప్రాసెసరునకును ఒక ఆజ్ఞాభాష కలదు. ఫోనులలో ఎక్కువగా నుండునది ఆర్మ్ జాతి ప్రాసెసరు. మన బల్లమీది కంప్యూటరులలో ఇంటెల్, ఏఎమ్‌డీ సంస్థలు చేయు ఎక్స్86 జాతిది చాలకాలముగా వాడుకలో నున్నది. తెలుగు మాత్రమే యెఱిగిన తాపీమేస్త్రికి అరవములో ఆజ్ఞలిచ్చినచో గోడ లేవదు. అట్లే ఒక జాతికై సిద్ధపఱచిన వ్యవస్థను ఉన్నదున్నట్లుగా రెండవజాతి యంత్రమున నింపినచో అది నడువదు.

అయినను ఆండ్రాయిడ్‌కు మూలమైన వ్రాత అందఱకును తెఱచియున్నది. దాని అడుగుభాగము లినక్స్ కెర్నెలు. ఫిన్‌లాండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఆ కెర్నెలు మొదట పుట్టినదే ఎక్స్86 కంప్యూటరుమీద. ఆండ్రాయిడ్‌తో నడచు మొదటి ఫోను 2008లో అమ్మకమునకు వచ్చెను. ఆ యేటనే గూగుల్ సంస్థ దాని మూలవ్రాతను బహిరంగము చేసెను. మూలవ్రాత చేతనున్నవారు దానిని వేఱొక ప్రాసెసరు భాషలోనికి మార్చుకొనవచ్చును గదా! 2009లో కొందఱు ఔత్సాహికులు ఆండ్రాయిడ్-ఎక్స్86 అను పేర ఈ పనిని ఆరంభించిరి. వారిలో ముఖ్యుడు తైవానుకు చెందిన చి-వే హువాంగ్. మేము వాడినది వారి 9.0 ప్రతి, దాని రెండవ కూర్పు 2020 మార్చిలో వెలువడినది. రీమిక్స్ ఓఎస్ అను మఱియొక వ్యవస్థను ఒక సంస్థ 2016లో కంప్యూటరులకై విడుదలచేసి, మఱుసటి యేడే విడిచిపెట్టెను. మూలవ్రాత తెఱచియున్న చోట ఒకరు విడిచిన పనిని మఱియొకరు అందుకొనగలరు. ఆండ్రాయిడ్-ఎక్స్86 పునాదిమీద బ్లిస్ ఓఎస్ వంటివి తరువాత వచ్చుటకు కారణమిదియే.

విండోస్‌లోపలనే ఆండ్రాయిడ్‌ను అతిథివలె నడుపు మార్గములును కలవు. కాని రెండు వ్యవస్థలను ఒక్కసారి మోయవలెనన్న యంత్రమునకు బలము చాలవలెను. విండోస్ 11 నందు మైక్రోసాఫ్ట్ సంస్థ ఏర్పఱచిన అట్టి సౌకర్యమునకు 8 గిగాబైట్ల ర్యామ్ కావలసియుండెను. దానిని ఆ సంస్థ 2025 మార్చిలో నిలిపివేసెను. కావున బక్కయెద్దువంటి యంత్రమునకు ఒక్క కాడియే మేలని నిశ్చయించితిమి.

కావలసిన సామగ్రి

8 గిగాబైట్ల పెన్‌డ్రైవు ఒకటి, మంచి స్థితిలోనున్న మఱియొక కంప్యూటరు, ఇంటర్నెట్టు, పాత యంత్రపు డిస్కులో 16 గిగాబైట్లకు తక్కువగాని ఖాళీభాగము, విద్యుత్తు నడుమ నిలిచిపోకుండుటకు నిండిన బ్యాటరీ. వీనియన్నిటికంటె ముందు, పాత యంత్రములోని దస్త్రములన్నియు పట్టునంతటి వేఱొక ఖాళీ డిస్కు. ఈ చివరి వస్తువును మేము సిద్ధపఱుపలేదు. దాని ఫలితమును తరువాత చెప్పుదుము.

చేయు పద్ధతి

1. వ్యవస్థ యొక్క ప్రతిబింబ దస్త్రమును దాని కర్తల స్థానము నుండియే దింపుకొనవలెను. దస్త్రముతో పాటు వారు ప్రకటించు సరిచూపు సంఖ్యను, మనకు వచ్చిన దస్త్రమునుండి గణించిన సంఖ్యతో పోల్చవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను ఆ దస్త్రమును వాడరాదు.

2. రూఫస్ లేక ఎచర్ అను సాధనముతో దానిని పెన్‌డ్రైవునందు వ్రాయవలెను. ఊరక నకలు తీసి అందు వేసినచో యంత్రము దానినుండి మేల్కొనదు. పెన్‌డ్రైవులో అంతకుముందున్నవన్నియు ఈ వ్రాతలో చెఱిగిపోవును.

3. పాత యంత్రమును ఆపి, పెన్‌డ్రైవును గ్రుచ్చి, మరల వెలిగించుచు బూట్ పట్టికను తెఱచు మీటను నొక్కవలెను. అది కొన్ని యంత్రములలో ఎఫ్12, కొన్నింట ఎఫ్9, మఱికొన్నింట ఎస్కేప్ మీట. పెన్‌డ్రైవు నుండి మేల్కొనుటకు యంత్రము నిరాకరించినచో అమరికలలో సెక్యూర్ బూట్ అనుదానిని ఆపివేయవలెను.

4. తెరమీద కనబడు వరుసలో మొదట “లైవ్” అనుదానినే ఎంచుకొనవలెను. ఇట్లు చేసినచో డిస్కును ముట్టకయే ఆండ్రాయిడ్ నడచును. వైఫై, ధ్వని, తెర వెలుగు, మీటలు సరిగా పనిచేయుచున్నవో లేదో ఈ దశలోనే పరీక్షింపవలెను. యంత్రమును ఆపగానే మనము చేసినదంతయు పోవును గాన దీనివలన నష్టము లేదు.

5. పరీక్ష తృప్తికరముగా నున్నచో మరల మేల్కొల్పి “ఇన్‌స్టాలేషన్” అనుదానిని ఎంచుకొనవలెను. అప్పుడు డిస్కు విభాగముల పట్టిక కనబడును. కావలసిన విభాగమును ఎంచుకొనిన పిదప, దానిని చెఱిపి ఈఎక్స్‌టీ4 పద్ధతిలో క్రొత్తగా తీర్చవలెనా, చెఱుపక వాడవలెనా అని వ్యవస్థ అడుగును. పనియంతటిలో అపాయకరమైన స్థలమిదియే.

6. పిమ్మట గ్రబ్ అను ద్వారపాలకుని ఉంచవలెనా అని అడుగును, ఉంచుమని చెప్పవలెను. విండోస్ మిగిలియున్నచో, వెలిగించినప్పుడెల్ల ఏ వ్యవస్థలోనికి పోవలెనో అది అడుగుచుండును.

7. పని ముగిసిన పిదప పెన్‌డ్రైవును తీసివేసి యంత్రమును మరల వెలిగింపవలెను. అమరికలలో భాషను తెలుగుగా మార్చుకొనినచో తెరమీది మాటలు తెలుగున కానవచ్చును.

మా పొరపాటు

ఆ యంత్రపు డిస్కులో, విండోస్ చూపినంతవఱకు, రెండు విభాగములు కలవు. సీ యనుదానిలో విండోస్‌తోపాటు ఆ కుటుంబపు ఛాయాచిత్రములును, తండ్రి పాడిన ఏడు పాటల ధ్వనిముద్రణములును ఉండెను. డీ ఖాళీగా నుండెను. డీలో ఆండ్రాయిడ్‌ను ఉంచి, సీని ముట్టకుండుట మా సంకల్పము.

ఆండ్రాయిడ్ పట్టికలో సీ, డీ అను పేర్లుండవు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఎస్‌డీఏ3 అని యుండును. డీ రెండవది గదా యని మేము ఎస్‌డీఏ2ను ఎంచుకొంటిమి. విండోస్ తన అవసరమునకై డిస్కు మొదట ఒక చిన్న విభాగమును దాచుకొనుననియు, అదియే ఎస్‌డీఏ1 యగుననియు మాకు తెలియనిది కాదు. తరగతిలో చెప్పినవారమే. తొందరలో మఱచితిమి. చెఱుపుమంటివా యని తెర అడుగగా ఔనంటిమి. నిమిషము గడువకయే సీ విభాగము శూన్యమయ్యెను. మరల వెలిగించినప్పుడు విండోస్ లేదు; అప్పటికి గాని జరిగినది మాకు తెలియలేదు.

వెంటనే యంత్రమును ఆపివేసితిమి. చెఱిగిన డిస్కుమీద క్రొత్తగా ఎంత తక్కువ వ్రాసిన అంత మేలు. పాత అక్షరములు పైవ్రాత పడువఱకు అడుగున నిలిచియుండును. డిస్కును విప్పి, వేఱొక కంప్యూటరునకు తగిలించి, ఫోటోరెక్ అను ఉచిత సాధనముతో రాత్రియంతయు వెదకించితిమి. అది దస్త్రముల ఆకారమును బట్టి వెదకునుగాని వాని పేర్లను తిరిగి తేజాలదు. ఛాయాచిత్రములు చాలవఱకు లభించెను. ఏది యెప్పటిదో తెలుపు పేర్లు లేవు. ఏడు పాటలలో రెండు మాత్రమే దొరకెను. మిగిలిన అయిదింటి చోట అప్పటికే ఆండ్రాయిడ్ వచ్చి కూర్చుండెను.

మేము పంజాగుట్టకు పోయి జరిగినది చెప్పితిమి. ఆ తల్లి మమ్ము ఒక్కమాటయు అనలేదు. దొరకిన రెండు పాటలను తన ఫోనులో వేయించుకొని, ఒకదానిని మా యెదుటనే వినెను. నకలు తీసికొనుటకు పట్టునది ఒక్క గంట. ఆ గంటను మిగుల్చుకొనబోయి అయిదు పాటలను పోగొట్టితిమి. విద్యార్థులు ఈ లెక్కను మఱువకుందురుగాక.

దీని పరిమితులు

పిదప ఆ డిస్కులోనే ఆండ్రాయిడ్‌ను సరిగా నెలకొల్పితిమి. పావుగంటకు బదులు ఒక నిమిషములోపలనే తెర సిద్ధమగుచున్నది. ముగ్గురు బిడ్డలును పక్కపక్కన కూర్చుండి పాఠ్యపుస్తకముల ప్రతులను చదువుచున్నారు; దృశ్యపాఠములను చూచుచున్నారు. తల్లి వచ్చువఱకు వేచియుండనక్కఱలేదు.

అయినను లోపములు చెప్పక మానరాదు. కేవలము ఆర్మ్ భాషలో తయారైన అనువర్తనములకు దుబాసివంటి మఱియొక సాధనము కావలెను. అప్పటికిని కొన్ని నడువవు. ఫోనుకొఱకే నిలువుగా తీర్చినవి పెద్దతెరమీద అడ్డముగా తిరుగును. బ్యాంకుల అనువర్తనములు ఇట్టి యంత్రములను నమ్మక తిరస్కరించుట కలదు. అట్లు తిరస్కరించుట మంచిదే. ఆండ్రాయిడ్ 9 నకు ఇప్పుడు క్రొత్త భద్రతాసవరణలు రావు. కావున డబ్బు సంగతులకుగాని, రహస్యములకుగాని దీనిని వాడరాదు. వ్రాతపనియు లెక్కలపనియు ముఖ్యమైనచో తేలికయైన లినక్స్ వ్యవస్థయే తగినది. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ తెలుగున పనిచేయు అట్టి వ్యవస్థను రూపొందించియున్నది.

ముగింపు

ఒక యంత్రమును పాతదని పాఱవేయుటకు ముందు, పాతబడినది దాని ఇనుమా, దాని వ్యవస్థయా యని విచారింపవలెను. వ్యవస్థయైనచో మార్చవచ్చును, మార్చు విద్యయు కష్టము కాదు. అందున్న మనుష్యుల జ్ఞాపకములను మాత్రము తిరిగి చేయగల విద్య అమీర్‌పేటలోని యే శిక్షణాలయమునను లేదు.

ఇకమీదట ప్రతి శనివారము సాయంకాలము, పాఠశాల ముగిసిన పిదప, పాత కంప్యూటరులను తెచ్చు విద్యార్థులకు మేము తోడ్పడుదుము. యంత్రముతోపాటు ఖాళీ డిస్కునొకదానిని తేవలెను. మొదట నకలు తీసి, ఆ నకలును వేఱొక కంప్యూటరునందు తెఱచి చూచుకొనిన తరువాతనే పని మొదలుపెట్టుదుము. డిస్కు తేనివారు మరుసటి శనివారమునకు రావలెను.